అడగని ప్రశ్నల పద్దు

1906 అక్టోబరు 22, సోమవారం నాడు మద్రాసు ఫస్ట్‌లైన్ బీచ్‌లోని అర్బత్నాట్ కంపెనీ చెల్లింపులు ఆపేసింది. ఆ ఉదయం దాకా అది మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి నమ్మకం అనే మాటకు మరో పేరు. మధ్యాహ్నానికి దివాలా. పెన్షను డబ్బు దాచుకున్న ముసలివాళ్ళు, భర్త పోయాక చేతికొచ్చిన నాలుగు రూకలూ అక్కడే వేసుకున్న ఆడవాళ్ళు, ఆడపిల్లల పెళ్ళిళ్ళకని కూడబెట్టుకున్న గుమాస్తాలు, వకీళ్ళు, జమీందార్లు, తెల్లదొరలు... అందరి సొమ్మూ మూసిన ఆ తలుపుల వెనకే ఉండిపోయింది.

మద్రాసులో పేరుమోసిన తెల్లవాళ్ళ వ్యాపార సంస్థలు మూడు: ప్యారీ, బిన్నీ, అర్బత్నాట్. ఆ మూడింటిలో గట్టిదేదని ఆ అక్టోబరుకు ముందు ఎవర్నడిగినా అర్బత్నాట్ అనే చెప్పేవారు. కూలింది అదే. దాదాపు నూరేళ్ళ సంస్థ. దాని పెద్ద సర్ జార్జి గఫ్ అర్బత్నాట్‌కు సర్ బిరుదుంది, శాసనమండలిలో కుర్చీ ఉంది, ఊళ్ళో ఏ పెద్ద సభ జరిగినా ముందు వరుసలో చోటుంది. అటువంటి మనిషి చేతిలో పెట్టిన డబ్బు గురించి రెండోసారి ఆలోచించడమే తప్పుగా అనిపించేది ఆ కాలంలో.

తెలుగు నేలకూ ఈ కంపెనీ కొత్తది కాదు. ఉత్తరాంధ్రలోని పాలకొండ ఎస్టేటును 19వ శతాబ్దంలో ఏళ్ళ తరబడి కౌలుకు తీసుకుని నడిపింది వీళ్ళే. అందుచేత ఆ కబురు కోస్తా వెంట పైకి పాకినప్పుడు అది ఎక్కడో పరాయి ఊళ్ళో మునిగిన దుకాణం కబురులా ఉండి ఉండదు.

ఫస్ట్‌లైన్ బీచ్ నుంచి సౌకార్‌పేటకు నడిచి వెళ్ళొచ్చు. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి అడ్డంగా దాటుకుంటూ పడమటికి పోతే కొత్వాల్ చావడి, ఆపైన గోవిందప్ప నాయకన్ వీధి, మింట్ స్ట్రీట్. ఈ వీధుల పేర్లలోనే చెట్టిలూ నాయకర్లూ కనిపిస్తారు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీకి సరుకు సమకూర్చి, ఊరి వర్తకాన్ని నిలబెట్టిన బేరి తిమ్మన్న, కాశీ వీరన్న తెలుగువాళ్ళే. తర్వాత గుజరాతీలు వచ్చారు, మార్వాడీలు వచ్చారు. కొత్వాల్ చావడిలోని కోమట్ల కన్యకాపరమేశ్వరి గుడిలో ఇప్పటికీ దీపం వెలుగుతూ ఉంది. రెండు వేర్వేరు లోకాలు అంత దగ్గరగా బతికాయి. సముద్రం ఒడ్డున స్తంభాల మేడల్లో దొరల కంపెనీలు, లోపల ఇరుకు సందుల్లో తెల్ల పరుపుల గద్దెల మీద షావుకార్లు. డబ్బు రెండుచోట్లా తిరిగింది. లెక్క చూసుకునే తీరు మాత్రం ఒకటి కాదు.

ఆ లోపలి తీరు ఎలాంటిదో కళ్ళారా చూశాను కాబట్టి చెబుతాను. గోవిందప్ప నాయకన్ వీధిలో ఒక టోకు బట్టల కొట్టు. కంప్యూటరు ఉంది, బిల్లులు దాని మీదే వస్తాయి. అయినా పెద్దాయన పక్కన ఎర్రగుడ్డ అట్టతో పొడుగాటి పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో గీతలుండవు. కాగితాన్ని ముందే నిలువుగా మడతలు పెట్టి విప్పుతారు, ఆ మడతల ఆనవాళ్ళే గళ్ళు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. రాత్రి కొట్టు కట్టేసే ముందు గల్లాపెట్టెలో రొక్కం లెక్కపెట్టారు. పుస్తకంలో నిల్వకూ చేతిలో రొక్కానికీ తేడా వచ్చింది. చిన్న మొత్తమే. పెద్దాయన పనివాళ్ళ మొహాల వంక చూడలేదు. కుర్రాణ్ణి పిలిచి పొద్దుటి నుంచి పద్దులు పైకి చదవమన్నాడు. వాడు ఒక్కో పద్దూ చదువుతూంటే, ఆ పనిలో ఉన్నవాడెవడో వాడు “అవును, ఇచ్చాను”, “అవును, వచ్చింది” అంటూ పలుకుతున్నాడు. మధ్యాహ్నం దగ్గర చదువు ఆగింది. మూటలు దింపిన తోపుడుబండివాడికి ఇచ్చిన కూలి రాయడం మర్చిపోయారు. రాసుకున్నారు. నిల్వ సరిపోయింది. “రేపట్నుంచి బండి కూలి చీటీ లేకుండా ఇవ్వొద్దు” అన్నాడు పెద్దాయన, పుస్తకం మూస్తూ.

అంతే జరిగింది. కానీ ఆ కాస్త సేపట్లో మూడు పనులు జరిగాయి. పని చేసినవాళ్ళంతా ఒకచోట ఉన్నారు. తప్పు ఎవరిదనే ప్రశ్న కంటే తేడా ఎక్కడ వచ్చిందనే ప్రశ్న ముందొచ్చింది. రేపటి పనిలో ఒక్క మార్పు తేల్చుకుని లేచారు. ఈ రోజుల్లో ఇదే పేటలో పుట్టి, చదువుకుని, పాత మహాబలిపురం రోడ్డు మీది సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు వెళ్తున్న పిల్లలు రెండు వారాలకొకసారి ఇదే పని చేస్తారు. దాన్ని రెట్రో అంటారు. 2001లో అమెరికాలో పదిహేడు మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని తమ పనికి పన్నెండు సూత్రాలు రాసుకుంటే, వాటిలో చివరిది ఇదే: జట్టు క్రమం తప్పకుండా ఆగి, తన పని తీరును తనే చూసుకుని, సరిదిద్దుకోవాలి. అదే ఏడాది నార్మన్ కెర్త్ అనే ఆయన ఈ సమావేశాల మీద పుస్తకం రాస్తూ ఒక షరతు పెట్టాడు. కూర్చునే ముందు అందరూ ఒక మాట నమ్మాలి: అప్పటికి తెలిసినదాన్ని బట్టి, చేతిలో ఉన్నదాన్ని బట్టి, ప్రతివాడూ తన శక్తి కొద్దీ పనిచేశాడని. ఆ నమ్మకం లేకపోతే ఎవరూ నోరు విప్పరు. నోరు విప్పకపోతే నిజం బయటికి రాదు.

నోరు విప్పే చోటు లేక కూలిన ఇల్లు అర్బత్నాట్ కంపెనీ. ఆ పతనాన్ని దురాశ కథగానో మోసం కథగానో చెప్పుకోవడం అలవాటు. రెండూ ఉన్నాయి, కాదనను. కానీ అసలు దుఃఖం అది కాదని నా అభిప్రాయం.

ఆ సంస్థ ఎలా కట్టి ఉందో చూడండి. అది వాటాలు అమ్మి పెట్టిన కంపెనీ కాదు, కొద్దిమంది భాగస్తుల ఉమ్మడి వ్యాపారం. వ్యాపారమూ బ్యాంకూ ఒకే కప్పు కింద. ఎగుమతులు, తోటలు, ఏజెన్సీలు, పెట్టుబడులు ఒకవైపు, జనం డిపాజిట్లు ఒకవైపు, మధ్యలో గోడ లేదు. ఏడాదికోసారి లెక్కలు అచ్చువేసి ఊరికి చూపించాల్సిన బాధ్యత భాగస్తుల వ్యాపారానికి లేదు. డిపాజిట్టు కట్టినవాడికి తన రూపాయి ఏ ఓడ ఎక్కిందో, ఏ గనిలోకి దిగిందో తెలుసుకునే దారే లేదు. అడిగే హక్కూ లేదు. అడగాలనే ఊహా లేదు. రిజర్వు బ్యాంకు పుట్టడానికి ఇంకా ఇరవై తొమ్మిదేళ్ళుంది. బ్యాంకుల కోసం ప్రత్యేకంగా చట్టం రావడానికి నలభై ఏళ్ళు పైమాట.

పైగా ఆ ఇంటికి రెండు గుమ్మాలు. మద్రాసులో సర్ జార్జి, లండన్‌లో ప్యాట్రిక్ మక్‌ఫాడియన్. లండన్ వ్యవహారాలు మక్‌ఫాడియన్ పేరుతోనే నడిచేవి. అక్కడ ఆయన పెట్టిన పెట్టుబడులు, ఆడిన జూదం లాంటి లావాదేవీలు నష్టాల్లో పడ్డాయి. నష్టం పూడ్చడానికి ఇంకో పెట్టుబడి, దాన్ని పూడ్చడానికి మరొకటి. మద్రాసులో జనం కట్టే డిపాజిట్లు ఆ గోతిలోకి పోతూనే ఉన్నాయి. కూలడానికి చాలా ముందే అప్పులు ఆస్తులను మించిపోయాయి. అయినా కౌంటరు దగ్గర డబ్బు తీసుకుంటూనే ఉన్నారు, రసీదు ఇస్తూనే ఉన్నారు. చివరికి ఆ అక్టోబరులో మక్‌ఫాడియన్ లండన్‌లో రైలు కింద పడి ప్రాణం తీసుకున్నాడు. ఆ వార్త తంతిలో రావడంతో మద్రాసు గుమ్మం కూడా మూతపడింది.

ఇక్కడే నాకు గొంతు పట్టుకుంటుంది. ఆ కంపెనీలో పద్దులు రాసే గుమాస్తాలు ఒకరిద్దరు కాదు. అప్పు పెరుగుతూ, రాబడి తరుగుతూ పోతున్న ఖాతా ఏళ్ళ తరబడి ఎవరో ఒకరి చేతిరాతలోనే ఎక్కి ఉండాలి. లెక్క రాసే మనిషికి లెక్క వాసన తెలుస్తుంది. కానీ నల్ల గుమాస్తా తెల్ల భాగస్తుడి గదిలోకి వెళ్ళి “దొరగారూ, ఈ ఖాతా ఎప్పటికి తీరుతుంది?” అని అడిగే రోజు ఆ ఇంట్లో ఎన్నడూ రాలేదు. మద్రాసు భాగస్తుడు లండన్ భాగస్తుణ్ణి గట్టిగా నిలదీసే రోజు కూడా రాలేదు, వచ్చి ఉంటే కథ ఇంత దూరం పోయేది కాదు. సౌకార్‌పేట కొట్లో కుర్రాడు పైకి చదివితే బయటపడే తేడా, ఆ పెద్ద మేడలో ఎవరూ పైకి చదవకపోవడం వల్ల కోట్లయింది.

ఆ మేడలో వెనక్కి తిరిగి చూడ్డం మొదలైంది మేడ కూలాకే. చూసినవాళ్ళు లోపలివాళ్ళు కారు. ముందు అఫీషియల్ అసైనీ, అంటే దివాలా ఆస్తులు చూసే అధికారి, వచ్చి పుస్తకాలు స్వాధీనం చేసుకున్నాడు. తర్వాత హైకోర్టు. 1892లో కట్టిన ఆ ఎర్రటి భవనం అర్బత్నాట్ కంపెనీకి కూతవేటు దూరమే. సర్ జార్జి మీద మోసం కేసు నడిచింది, నేరం రుజువైంది, పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. తెల్లవాడికి, అందులోనూ సర్ బిరుదున్నవాడికి, మద్రాసు కోర్టులో జైలు శిక్ష! ఊరంతా ఆ మాటే చెప్పుకుంది. పోయిన సొమ్ము తాలూకు కడుపుమంట కొంతైనా చల్లారింది.

శిక్ష పడవలసిందే. కెర్త్ చెప్పిన షరతు దొంగతనాన్ని మాఫీ చెయ్యడానికి పెట్టింది కాదు. తెలిసి తెలిసి, తీర్చలేమని తెలిసి డిపాజిట్టు పుచ్చుకున్నవాడికి కోర్టే తగిన చోటు. కాకపోతే కోర్టుకు కావలసింది ఒక్కటే ప్రశ్న: నేరం ఎవరిది? దానికి జవాబు దొరకగానే ఫైలు మూస్తుంది. అటువంటి ఇల్లు మరొకటి లేవకుండా ఏం చెయ్యాలి, ఆ పద్దులు చూసిన కళ్ళు ఎందుకు మూగబోయాయి, మధ్యలో గోడ ఎందుకు లేదు అని అడగడం కోర్టు పని కాదు. అది మనుషులు కలిసి కూర్చుని చేసుకోవలసిన పని. దొంగ దొరికాడన్న తృప్తి ఆ పనికి తరచూ అడ్డుపడుతుంది.

సౌకార్‌పేటకు ఉత్తరాన తెలుగు నేల మీద, శ్రీహరికోటలో, ఆ పని ఎలా చెయ్యాలో చూపించిన రోజు ఒకటుంది. 1979 ఆగస్టు 10. ఎస్‌ఎల్‌వి-3 మొదటి రాకెట్టు లేచింది, రెండో దశ అదుపు తప్పింది, 317 సెకన్లలో బంగాళాఖాతంలో పడింది. ఏళ్ళ కష్టం నీళ్ళలో కలిసింది. ప్రాజెక్టు బాధ్యుడు అబ్దుల్ కలామ్. ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధవన్ విలేకరుల ముందు తనే నిలబడ్డాడు, కలామ్‌ను ముందుకు తొయ్యలేదు. మర్నాడే డెబ్బై మందికి పైగా శాస్త్రవేత్తలు కూర్చుని నిన్న జరిగినదంతా తిరగతోడారు. ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు ఒక వాల్వు మూసుకోకుండా ఇరుక్కుపోయి, రెండో దశను అదుపు చెయ్యాల్సిన నైట్రిక్ యాసిడ్ కారిపోయిందని తేల్చారు. ఎవరి మీదా కేసు లేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. 1980 జూలై 18న అదే జట్టు, అదే దీవి నుంచి, రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేకరుల ముందుకు ధవన్ కలామ్‌ను పంపాడు.

ఓటమి రోజున పెద్ద ముందుకొచ్చాడు, గెలుపు రోజున వెనక్కి జరిగాడు. ఈ ఒక్క తీరు వల్లే మధ్యలో ఆ వాల్వు గురించి మాట్లాడగలిగారని నేను అనుకుంటాను. అర్బత్నాట్ ఇంట్లో పెద్దలిద్దరిలో ఒకడు రైలు కింద పడ్డాడు, మరొకడు బోనెక్కాడు. మిగిలినవాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుని “మనం ఎక్కడ దారి తప్పాం?” అనుకునే చోటే మిగల్లేదు.

ఆ చోటు బయట ఏర్పడింది. తంజావూరు సీమ నుంచి వచ్చి మైలాపూరులో స్థిరపడ్డ వకీలు వి. కృష్ణస్వామి అయ్యర్, డబ్బు పోగొట్టుకున్నవాళ్ళ తరఫున పోరాడి పేరు తెచ్చుకున్నాడు. కేసు గెలిచినా పోయింది రాదని ఆయనకు తెలుసు. వకీళ్ళను, వర్తకులను, నాట్టుకోట్టై చెట్టియార్లను కలుపుకుని మరో ప్రశ్న ముందు పెట్టాడు. మన సొమ్ము దాచుకోవడానికి మనకో చోటు ఎందుకు లేదు? బెంగాల్ విభజన తర్వాత స్వదేశీ గాలి దేశమంతా వీస్తున్న రోజులు. దివాలా జరిగి ఐదు నెలలు తిరక్కుండానే, 1907 మార్చి 5న ఇండియన్ బ్యాంకు నమోదయింది. ఆగస్టు 15న తలుపులు తెరిచింది. ఇది భాగస్తుల చాటు వ్యాపారం కాదు. వాటాదార్లుంటారు, డైరెక్టర్లుంటారు, ఏటేటా లెక్కలు నలుగురి ముందూ పరచాలి. ఆ వాటాదార్ల సభలో లేచి ప్రశ్న అడిగే హక్కు మామూలు మనిషికీ ఉంటుంది. తర్వాతి కాలంలో ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం అర్బత్నాట్ కంపెనీ నిలిచిన చోటుకే చేరింది.

మరి రెండేళ్ళకు, 1909లో, దేశీయ వర్తకులకంటూ సదరన్ ఇండియా ఛాంబర్ ఆఫ్ కామర్స్ పుట్టింది. దాని మొదటి అధ్యక్షుడు మన పిట్టి త్యాగరాయ చెట్టి. అదే ఏడాది మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు కొత్త దివాలా చట్టం వచ్చింది. అప్పటిదాకా 1848 నాటి పాత చట్టంతోనే నెట్టుకొచ్చారు. మనం ఈ రోజుకీ “ఫలానావాడు ఐపీ పెట్టాడు” అంటామే, ఆ మాట మన ఊళ్ళల్లో పాతుకుపోయింది ఇలాంటి చట్టాల పుణ్యాన్నే.

ఇంత మంచి జరిగాక కూడా ఈ కథను విషాద గాథ అంటున్నానంటే కారణం ఉంది. 1906లో వెనక్కి తిరిగి చూసినవాళ్ళకు ముందుగా కనిపించిన పాఠం: పరాయివాడి చేతిలో మన డబ్బు పెట్టకూడదు. అది నిజమే, ఆ రోజుకు అవసరం కూడా. కానీ అది “ఎవరు” అనే ప్రశ్నకు జవాబు. “ఎలా” అనే ప్రశ్నకు సగమే జవాబు దొరికింది. లెక్కలు బయటికి చూపించే కట్టడి వచ్చింది. లోపల, అప్పులిచ్చే పెద్దను కింద పద్దు రాసేవాడు ఆపి అడగగలిగే తీరు మాత్రం ఏ చట్టంలోనూ రాలేదు. అది రాతతో వచ్చేదీ కాదు, అలవాటుతో రావలసింది. అలవాటు చెయ్యగల మనుషులు ఎక్కువ కాలం ఉండలేదు. కృష్ణస్వామి అయ్యర్ 1911లోనే, నలభై ఎనిమిదేళ్ళ వయసులో పోయాడు.

తొంభై ఏళ్ళు తిరక్కుండానే ఆ సగం ప్రశ్న తిరిగొచ్చి తలుపు తట్టింది. అర్బత్నాట్ బూడిదలోంచి లేచిన ఇండియన్ బ్యాంకే 1995-96లో 1,336 కోట్ల రూపాయల నష్టం చూపించింది. తీరని అప్పులు, తీరవని తెలిసీ ఇచ్చిన అప్పులు. ఈసారి పరాయివాడు లేడు. బ్యాంకు మనది, ప్రభుత్వం మనది, సంతకాలు మనవే. వేలమంది ఉద్యోగులున్నారు. వాళ్ళలో ఆ అప్పుల కాగితాలు చూసి లోలోపల కుమిలినవాళ్ళు ఉండకుండా ఉంటారా? అప్పుడూ ఆ చూసిన కళ్ళకు నోరు లేకపోయింది. తర్వాత మళ్ళీ కేసులొచ్చాయి, మళ్ళీ కోర్టులు, మళ్ళీ శిక్షలు. ఆ వార్తలు చదివిన జనం మళ్ళీ “ఎవరు” అనే మాటతోనే తృప్తిపడ్డారు.

ఆ బ్యాంకును తిరిగి లేపింది మాత్రం “ఎలా” అనే ప్రశ్నే. 2000లో రంజనా కుమార్ అధ్యక్షురాలిగా వచ్చారు. మూడేళ్ళ ఆ పదవీకాలంలో నష్టాల శాఖలను కలిపారు, అప్పులిచ్చే పద్ధతి మార్చారు, ఉద్యోగులతో కూర్చుని మాట్లాడారు. 2002 మార్చి నాటికి బ్యాంకు లాభంలో పడింది. ఆ ప్రయాణాన్ని తర్వాత ఆవిడ పుస్తకంగా కూడా రాసి పెట్టారు. కూలినదాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉంటారు, నిలబెట్టిన తీరు రాసిపెట్టేవాళ్ళు తక్కువ. అందుకే ఆ పుస్తకానికి నేను విలువ ఇస్తాను. ఒక జట్టు తన గతాన్ని కాగితం మీద పెట్టకపోతే, ఆ జట్టులో మనుషులు మారిన మర్నాడే అంతా మొదటికొస్తుంది.

ఈ పని చేసే జట్లకు, అవి సాఫ్ట్‌వేర్ జట్లయినా బ్యాంకు శాఖలైనా, అర్బత్నాట్ కథ నుంచి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. చిన్న తేడా వచ్చిన రోజునే కూర్చోవాలి, పెద్ద తేడా వచ్చేసరికి కూర్చోవడానికి ఇల్లుండదు. ముందు జరిగినది జరిగినట్టు పరుచుకోవాలి, అభిప్రాయాలు తర్వాత. 2006లో ఎస్తర్ డెర్బీ, డయానా లార్సెన్ ఈ సమావేశాల మీద రాసిన పుస్తకంలో ఆ వరసే చెప్పారు: ముందు మాట్లాడే వాతావరణం, తర్వాత వివరాలు, ఆ తర్వాతే కారణాలు, అటుపైన చెయ్యవలసిన పని. మనవాళ్ళు చేసే పొరపాటు ఎక్కడంటే, తిన్నగా కారణాల దగ్గరికి, అక్కణ్ణుంచి మనిషి దగ్గరికి పరుగెడతాం. అధికారి గదిలో ఉంటే కిందివాడు నోరెత్తడు, ఎత్తినా అధికారికి ఇష్టమైన మాటే అంటాడు. “ఏమ్మా, నువ్వేమంటావ్?” అని పెద్దవాళ్ళు అడిగినప్పుడు “మీరు చెప్పినట్టే సార్” అనడం మనకు వినయంగా నేర్పారు. ఆ వినయం ఎన్ని ఇళ్ళు కూల్చిందో లెక్కపెట్టినవాళ్ళు లేరు. అందుకే పెద్దే ముందుగా తన తప్పు తను చెప్పుకోవాలి, లేదా కాసేపు బయటికి వెళ్ళాలి. సమావేశం అయ్యాక రేపటి నుంచి మారే పని ఒక్కటైనా, దాన్ని చూసుకునే మనిషి పేరుతో సహా, రాసుకుని లేవాలి. బండి కూలికి చీటీ అడిగినట్టు.

సౌకార్‌పేట కూడా ఇప్పుడు పాత పేట కాదు. 1996లో కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయింది. ఎర్రగుడ్డ పుస్తకాలు ఉన్న కొట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దీపావళికి లక్ష్మీపూజలో పుస్తకం బదులు ల్యాప్‌టాప్‌కు కుంకుమ పెడుతున్నారు. పెట్టనివ్వండి. పుస్తకం మారినా, రాత్రి కొట్టు కట్టేముందు పద్దులు పైకి చదివే అలవాటు పోకపోతే చాలు. అది పోతున్న కొట్లనూ చూశాను. కంప్యూటరు తేడా లేదంటే లేదనుకుంటారు. యంత్రం కూడిక తప్పు చెయ్యదు. పద్దే రాయకపోతే మాత్రం అది కనిపెట్టలేదు.

అర్బత్నాట్ బాధితుల మాట చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు. ఆ దివాలా నుంచి బ్యాంకు పుట్టింది, చట్టం పుట్టింది, వర్తక సంఘం పుట్టింది. అవన్నీ తర్వాతి తరాలకు దక్కాయి. 1960లో కేరళలో పాలాయి సెంట్రల్ బ్యాంకు కూలాక గానీ, బ్యాంకు మునిగితే డిపాజిట్టు కట్టిన మామూలు మనిషికి కనీసం కొంత సొమ్ము వెంటనే చేతికి రావాలనే ఆలోచన ఈ దేశంలో చట్టం కాలేదు. 1962 జనవరి 1 నుంచి ఆ బీమా మొదలైంది, అప్పట్లో 1,500 రూపాయల దాకా. ఇప్పుడు అది ఐదు లక్షలు. ఈ రోజు సౌకార్‌పేటలో ఏ బ్యాంకు శాఖలో డబ్బు వేసుకున్న మనిషికైనా వెనక ఆ అండ ఉంది. 1906లో ఫస్ట్‌లైన్ బీచ్‌లో మూసిన తలుపుల ముందు నిలబడ్డవాళ్ళకు అది యాభై ఐదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. అఫీషియల్ అసైనీ పుస్తకాలన్నీ తిరగేసి, ఉన్న ఆస్తులు అమ్మి పంచగా, వాళ్ళకు తిరిగి ముట్టింది కొద్దిపాటి సొమ్మే.